గిట్ట మీద అంకె

మా నాన్న డిశ్చార్జి కాగితం
పదిహేడేళ్ళు రేకుడబ్బాలో మడతపడి ఉంది.
దాన్ని మొదటిసారి ఆయనకి చదివి వినిపించింది నేనే,
బళ్ళో అక్షరాలు కూడబలుక్కుంటున్న పన్నెండేళ్ళ కెజాయాని,
మేకుల కొలిమి చల్లారి ఉన్న ఒక ఆదివారం.

"ఎనాక్ టిల్‌స్లీ, ప్రైవేట్.
జుట్టు: గోధుమరంగు."
ఆయన బట్టతల తడుముకున్నాడు.
"పూర్వవృత్తి: మేకులు కొట్టుట."
"తర్వాతి వృత్తీ అదే, రాసుకోమను."

ఎందుకు చేరాడో కాగితంలో లేదు. అడిగాను.
ఆ ఏడు మేకుల ధర పడిపోయిందట,
ఇంట్లో తొమ్మిది నోళ్ళు,
సంతలో సార్జెంటు అరచేతిలో షిల్లింగు పెట్టాడట.
"నీలికోటు చూసి కాదే, గుర్రాన్ని చూసి వెళ్ళాను.
అప్పటిదాకా దాని నాడాలకి మేకులు కొట్టిచ్చినవాణ్ణే గానీ
ఎక్కింది ఎప్పుడు?"

రౌతు బతుకంటే కత్తి అనుకునేదాన్ని.
ఆయన చెప్పిందంతా పేడ గురించే.
తెల్లారకముందే బూర, తడిసిన గడ్డి ఎత్తడం,
తోమడం, మళ్ళీ తోమడం,
సార్జెంటు తెల్లగుడ్డతో రుద్దినప్పుడు
మరక అంటిందా, సాయంత్రం సెలవు గంగలో కలిసినట్టే.
గుర్రం తిన్నాకే మనిషి తినాలి.
మనుషుల పడక మిద్దె మీద, గుర్రాలు కింద.
చెక్కల సందుల్లోంచి వాటి ఊపిరి వెచ్చగా పైకొచ్చేదట.
ఆ కంపు లేకుండా నిద్రపట్టడానికి
పెళ్ళయ్యాక ఏడాది పట్టిందని అమ్మ ఇప్పటికీ సాధిస్తుంది.

ఆయన గుర్రం
పుస్తకంలో సి నలభై ఒకటి.
గిట్ట మీద కాల్చిన అంకె.
ఆయన మాత్రం టిబ్ అని పిలిచేవాడు,
అది మా వీధి చివరి గయ్యాళి పేరు.

పబ్బులో అందరూ అడిగేది ఒక్కటే:
క్రిమియాలో, ఆ లోయలోకి ఉరికిన రోజున, నువ్వున్నావా?
లేడు. టిబ్ కుంటుతోంది.
వెనకాల జబ్బు గుర్రాల పగ్గాలు పట్టుకుని నిలబడ్డాడు.
అడిగినవాళ్ళు గ్లాసు తీసుకుని పక్క బల్లకి జరిగిపోయేవాళ్ళు.
"ఒకే ఒక్కసారి ఉన్నానని అబద్ధమాడాను" అన్నాడు,
కాసేపాగి, "బీరు బాగానే ఉంది."

తర్వాతి చలికాలం గురించి ఎవరూ అడగలేదు.
రేవులో ఓడల నిండా దాణా,
రేవుకీ కొండకీ మధ్య మోకాలి లోతు బురద.
గుర్రాలు పగ్గాలు నమిలాయి, జీనులు నమిలాయి,
ఆఖరికి ఒకదాని తోక ఒకటి నమిలాయి.

"గుర్తులు: ఎడమ బొటనవేలికి గోరు లేదు" చదివాను.
"గుర్రం కరిచిందా నాన్నా?"
"దాని ఆకలి కరిచింది.
నానబెట్టిన బిస్కెట్టు పెడుతుంటే
ఎక్కడ బిస్కెట్టు అయిపోయిందో దానికి తెలియలేదు."

జనవరిలో ఒక రాత్రి అది కూలబడి మళ్ళీ లేవలేదు.
నాడాలు కొట్టే లోవెల్ గొడ్డలి తెచ్చి
అంకె ఉన్న గిట్ట నరికిచ్చాడు.
గిట్ట చూపిస్తేనే లెక్కల్లోంచి కొట్టేస్తారు,
లేకపోతే అమ్ముకున్నావంటారు.
రొట్టెల సంచిలో దాన్ని వేసుకుని
రెండు మైళ్ళు బురదలో నడిచాడు.
గుమాస్తా చూశాడు, గీత గీశాడు,
వెనక ఉన్న కుప్పలోకి విసిరాడు.

"కుప్ప ఎంత ఎత్తుంది?"
నాన్న చెయ్యి మోకాలి దగ్గర పెట్టి
నడుం దాకా తెచ్చి
అక్కడ ఆపి, కిందికి దించేశాడు.

"మరి మనుషులు పోతే ఏం చూపించేవాళ్ళు?"
"ఏం చూపిస్తాం? మనుషుల్ని ఎవరు కొంటారని?"
అని లేచి, అవసరం లేకపోయినా,
తిత్తి తోలుకి నూనె రాశాడు.

చివరి వరస: "ప్రవర్తన: మంచిది."
మళ్ళీ చదవమన్నాడు. చదివాను.
"టిబ్ గురించి ఏమన్నా రాశారా?"
కాగితం తిప్పి చూశాను.
వెనక టీ మరక తప్ప ఏమీ లేదు.
"ఆఁ, ఉంది. సి నలభై ఒకటి. ప్రవర్తన: మంచిది."

ఆయన నా మొహంలోకి చూశాడు,
నవ్వు పొర్లుకొచ్చి దగ్గు తెరలో పడ్డాడు.
"మంచిదా! కర్నల్‌ని రెండుసార్లు కరిచిందే అది!"

సోమవారం చీకటితో కొలిమి రాజేసి,
ఎర్రటి కడ్డీ మీద సుత్తి వేస్తూ వేస్తూ
మధ్యలో ఆగి, "మంచిదట" అని
తనలో తనే ఇంకోసారి నవ్వాడు.